నీటి మెరుపు వెనక చేప

మా పదో తరగతి పిల్లలతో ఊరి చెరువు గట్టుకు వెళ్లిన రోజు నా జేబులో ఒక చిన్న డిజిటల్ కెమెరా ఉంది. ఒడ్డున చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి. ఫొటో తీస్తే మాత్రం తెల్లటి ఆకాశపు మెరుపు తప్ప ఏమీ పడలేదు. లెన్సు ముందు పోలరైజింగ్ ఫిల్టరు పట్టుకుని మెల్లగా తిప్పాను. వెనక తెరమీద మెరుపు మాసిపోతూ వచ్చింది. చేపలు, వాటి కింద నాచు, నాచులో కూరుకున్న కుండపెంకు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పక్కనే ఉన్న అమ్మాయి చాలాసేపు చూసి అడిగింది: "సార్, ఆ మెరుపేదో తర్వాత కంప్యూటర్లో తుడిచేసుకోవచ్చు కదా! ఈ అద్దం ఎందుకు?"

ఆ ప్రశ్న నన్ను నెలరోజులు వదల్లేదు.

తుడవలేం. మామూలు కెమెరా సెన్సరు తన మీద ఎంత వెలుగు పడిందో కొలుస్తుంది. ఆ వెలుగు ఎటు ఊగుతూ వచ్చిందో దానికి పట్టదు. చేప ఒంటిమీంచి వచ్చిన వెలుగూ, నీటిపై నుంచి వచ్చిన మెరుపూ అందులో కలిసిపోయాక, పాలల్లో కలిసిన నీళ్లను తోడగలిగితే వీటినీ విడదీయవచ్చు. విడదీసే పనేదో లెన్సు గడప దాటకముందే జరగాలి.

విడదీయడానికి ఒక ఆనవాలు ఉంది. నీటి మీద పడి తిరిగొచ్చే కాంతి ఎక్కువగా నీటి మట్టానికి సమాంతరంగా, అంటే అడ్డంగా ఊగుతుంది. నిట్టనిలువు గీత నుంచి 53 డిగ్రీల వాలులో చూస్తే ఆ మెరుపు దాదాపు మొత్తం అడ్డం ఊపే. దాన్నే బ్రూస్టర్ కోణం అంటారు. నీటి లోపలి నుంచి వచ్చే వెలుగుకు అలాంటి కట్టుబాటు లేదు, అన్ని దిక్కులకూ ఊగుతుంది. అడ్డం ఊపును మింగేసి, నిలువు ఊపును వదిలే పలక దొరికితే చేప కనపడుతుంది.

చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగొస్తూ సరిగ్గా ఈ పనే చేశారు. సముద్రపు నీలం ఆకాశం నీడేనని అప్పటి పెద్దల మాట. రామన్ నికోల్ పట్టకంతో నీటిపై మెరుపును ఆర్పేసి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. ఆ రంగు నీటిదే.

నికోల్ పట్టకం అంటే కాల్సైట్ స్ఫటికాన్ని కోసి, మళ్లీ అతికించి చేసిన ముక్క. మచ్చలేని పెద్ద స్ఫటికం దొరకడమే కష్టం, కాబట్టి కిటికీ అంత పట్టకం ఎవరూ చేయలేరు. పలుచని పలక దారి 1852లో బ్రిస్టల్‌లోని హెరాపత్ అనే వైద్యుడికి కనపడింది. క్వినైన్ తినిపించిన కుక్క మూత్రంలో ఆయన శిష్యుడు అయోడిన్ చుక్క వేస్తే పచ్చగా మెరిసే సన్నని స్ఫటికాలు ఏర్పడ్డాయి. రెండు స్ఫటికాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డచోట నల్లగా ఉంది, ఒకే వరసలో ఉన్నచోట వెలుగు దాటుతోంది. ధ్రువణం చేసే, అంటే ఒకే దిక్కున ఊగే కాంతినే వదిలే పలక అన్నమాట! కానీ ఆ రేకులు ముట్టుకుంటే పొడి అయ్యేవి. పెద్దవిగా పెంచడం హెరాపత్ వల్ల కాలేదు.

ఇక్కడినుంచి వచ్చే పోటీ నాకు ఎంతో ఇష్టం. జర్మనీలో బెర్నావర్ పట్టుదలగా అదే పదార్థంతో లెన్సును కప్పేంత పెద్ద ఏకస్ఫటికాన్ని పెంచాడు. 1930లలో జైస్ కంపెనీ దాన్ని ఫిల్టరుగా అమ్మింది కూడా. అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే కుర్రాడు హార్వర్డ్ చదువు మధ్యలో వదిలేసి, దీనికి నేరుగా వ్యతిరేకమైన దారి పట్టాడు. పెద్ద స్ఫటికం ఎందుకు? కాంతి తరంగం కన్నా చిన్న సూదులుగా నూరి, కోట్ల సూదులను ఒకే వైపు పడుకోబెడితే చాలదా? లక్కలాంటి చిక్కటి ద్రావణంలో సూదులు కలిపి మొదట బలమైన అయస్కాంతం మధ్య పెట్టాడు. తర్వాత ఆ ముద్దను సన్నని సందులోంచి పలకగా లాగాడు. 1929లో పేటెంటుకు దరఖాస్తు చేసేనాటికి అతని వయసు 19 ఏళ్లు.

1938లో లాండ్ బృందం స్ఫటికాన్నే వదిలేసింది. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ మెట్టు. జాతరలో జీళ్లు చేసేవాళ్లను చూశారుగా. బెల్లం పాకాన్ని కొక్కేనికి తగిలించి లాగుతుంటే ముద్ద కాస్తా దారాల వరసగా మారిపోతుంది. పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్కునూ అలాగే వేడిచేసి లాగారు. చిక్కుబడ్డ పొడుగాటి అణువులన్నీ పడుగు దారాల్లా ఒకే వైపు తిరిగాయి. దాన్ని అయోడిన్‌లో ముంచితే, అయోడిన్ ఆ దారాల వెంట గొలుసులుగా సర్దుకుంది. గొలుసు వెంట ఎలక్ట్రాన్లు పరుగెత్తగలవు. గొలుసుతోపాటే ఊగే కాంతి వాటిని పరుగెత్తించి, ఆ పనిలోనే తన శక్తి పోగొట్టుకుని ఆరిపోతుంది. గొలుసుకు అడ్డంగా ఊగే కాంతికి ఎలక్ట్రాన్లు దొరకవు, అది దాటిపోతుంది. కటకటాల సందులోంచి తాడు ఊపే బొమ్మ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. అది చూసి పిల్లలు కటకటాల వెంట ఊగేదే దాటుతుందనుకుంటారు. ఇక్కడ జరిగేది తలకిందులు. నేను బోర్డు మీద ఆ బొమ్మ వేయడం మానేశాను.

ఈ ఫిల్టరుకు చిన్న కెమెరా సరైన జోడీ. అద్దం ఉన్న పెద్ద కెమెరాల్లో కాంతిలో కొంత భాగం సగం పారదర్శకమైన అద్దం దాటి ఫోకస్ చూసే పరికరానికి వెళ్తుంది. ఒకే దిక్కున ఊగే కాంతి పడితే ఆ లెక్క తప్పుతుంది. అందుకని పోలరైజర్ వెనక మరో పలుచని పొర అతికించి 'సర్క్యులర్' ఫిల్టరు చేశారు. చిన్న కెమెరాలో ఆ అద్దమే లేదు, సెన్సరే అన్నీ చూసుకుంటుంది. కాబట్టి ఆ పొర లేని చవకైన పాత లీనియర్ ఫిల్టరు చాలు.

దుకాణంలో దొరికేది మాత్రం ఎక్కువగా సర్క్యులరే. దానితో ఒక చిక్కుంది. చాలా చిన్న కెమెరాల లెన్సుకు మర ఉండదు, ఫిల్టరును చేత్తో పట్టుకోవాలి. పొరపాటున వెనక వైపు ముందుకు తిప్పి పట్టుకుంటే, వెనక పొర నీటి మెరుపును ముందే కలగాపులగం చేసేస్తుంది. అప్పుడు ఎంత తిప్పినా, రంగు కాస్త మారడం తప్ప, మెరుపు తగ్గదు. నేను చూసిన చాలామంది ఫిల్టరు పాడైందనుకున్నారు. మర ఉన్న వైపు లెన్సుకు తగిలేలా పట్టుకుంటే సరిపోతుంది. అంచు మీద పెన్నుతో చుక్క పెట్టుకుంటే ఏ కోణంలో మెరుపు పోయిందో గుర్తుంటుంది. వెలుగు సగానికి పైగా తగ్గిపోతుంది గనక చెయ్యి కదలకూడదు, కెమెరాను గోడకో చెట్టుకో ఆనించాలి. స్టీలు గిన్నె మెరుపు మీద ఇది పనిచేయదు. లోహం కాంతిని ఇలా వరసలో పెట్టదు. ఆకాశం కావాలంటే చూపుడువేలు సూర్యుడి వైపు చాచి, బొటనవేలు దానికి లంబంగా పెట్టి చెయ్యి తిప్పండి. బొటనవేలు చూపే చోటల్లా నీలం బాగా చిక్కబడుతుంది. జూమ్ తగ్గించి ఆకాశమంతా పట్టాలని చూస్తే మధ్యలో నల్లటి పట్టీ పడుతుంది, అది మంచిది కాదు.

లాండ్ అసలు కల కారు లైట్లు. ప్రతి లైటుకూ, ముందు అద్దానికీ 45 డిగ్రీల వాలులో ఒకే తీరుగా పలక పెడితే, ఎదురొచ్చే కారు వాలు మనకు తిరగబడి కనపడుతుంది. దాని వెలుతురు మన అద్దం దగ్గరే ఆగిపోతుంది. అన్ని కార్లూ ఒకేసారి మారాలి గనక అది నడవలేదు. ఆ పలక కళ్లజోళ్లలోకి, కాలిక్యులేటర్లలోకి, టీవీ తెరల్లోకి వెళ్లిపోయింది.

ఆ కాలిక్యులేటర్ సంగతి విన్నాక ఆ అమ్మాయి ఇంట్లో మూలన పడేసినదాన్ని తెచ్చింది. బటన్లు సగం పనిచేయవు, అంకెలు మాత్రం పడతాయి. పై కవరు ఊడదీసి, తెరకు అతికిన పలుచని పొరను గోటితో మూల నుంచి లేపాం. జిగురు సాగుతూ అది ఊడొచ్చింది. అంకెలు మాయమయ్యాయి, మిగిలింది ఖాళీ బూడిదరంగు గాజు. ఊడిన పొరను కెమెరా లెన్సు ముందు పెట్టి తెరవైపు చూసింది. నల్లటి 7, నల్లటి 4 తిరిగొచ్చాయి. మెల్లగా పావు చుట్టు తిప్పింది. గాజంతా నల్లబడి, అంకెలు తెల్లగా నిలబడ్డాయి.

"చెరువు దగ్గరికి మళ్లీ ఎప్పుడు వెళ్దాం సార్?" అంది, పొరను తిప్పడం ఆపకుండానే.