నూటయాభై వాట్ల తక్కెడ

మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు తక్కెడలో కూర్చోవడం జాతరకు వెళ్లినవాళ్లంతా చూసే ఉంటారు. ఒక పళ్లెంలో మనిషి, రెండో పళ్లెంలో బెల్లం. పోయిన జాతరలో ఆ వరుసలో నిలబడి ఉండగా మా అక్క కొడుకు సెల్‌ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. తెర మీద చిట్టా: ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, మానిటర్, రంగు లైట్ల ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు.

"మామా, మిర్చి పైసలల్ల నాయిన యాభై వేలు ఇస్తనన్నడు. గేమింగ్ పీసీ అయితదా?"

"అయితది. కార్డు ఏది అనుకున్నవ్?"

"అన్నీ కొన్నంక మిగిలిన పైసలకు ఏదొస్తే అది."

తిరగేసి పట్టుకున్నాడు లెక్కను. గేమింగ్ కంప్యూటర్‌లో ముందు తేల్చుకోవాల్సిందే ఆ కార్డు. ఎందుకో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, జాతరే చాలు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే పూజారి ఒక్కడే. ఒకదాని తర్వాత ఒకటిగా, క్రమం తప్పకుండా జరగాల్సిన పని అది, పదిమంది చేస్తే తొందరగా అయ్యేది కాదు. ప్రాసెసర్ అలాంటిది. జంపన్నవాగులో స్నానాల సంగతి వేరు. వేలమంది ఒకేసారి దిగుతారు, ఒకరి మునకకు ఇంకొకరి మునకతో పనిలేదు. గ్రాఫిక్స్ చిప్ పని ఇదీ. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే 12 కోట్లకు పైగా చుక్కల రంగు తేల్చాలి. పూజారితో అయ్యే పని కాదు, వాగంత జనం కావాలి.

1990ల మధ్యదాకా ఇళ్లలోని పీసీల్లో ఆ భారమంతా దాదాపుగా ప్రాసెసరే మోసింది. 1996లో వచ్చిన 3డీఎఫ్ఎక్స్ వూడూ కార్డు త్రీడీ బొమ్మలు మాత్రమే గీసేది, మామూలు తెరకు ఇంకో కార్డు ఉండాల్సిందే. రెంటినీ బయటనుంచి ఒక తీగతో కలిపేవాళ్లు. 1999లో ఎన్విడియా తన జీఫోర్స్ 256ను ప్రపంచపు మొదటి జీపీయూ అని చెప్పి అమ్మింది. ఆ పేరు నిలిచిపోయింది. ఆ తర్వాత కార్డులకు బలం పెరిగింది, వేడి పెరిగింది, ధర ఇంకా పెరిగింది. 2016 మేలో వచ్చిన జీటీఎక్స్ 1080 ధర 599 డాలర్లు.

సరిగ్గా అప్పుడే కథలోకి మన గోదావరి మనిషి వస్తాడు. కొవ్వూరులో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో, తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన రాజా కోడూరి. ఎస్3, ఏటీఐ, యాపిల్ కంపెనీలు తిరిగి 2013లో చిప్‌ల కంపెనీ ఏఎండీకి చేరి, 2015లో అక్కడి గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద అయ్యాడు. 2016 జూన్ 29న ఆ విభాగం ఆర్ఎక్స్ 480ని విడుదల చేసింది. చిప్ పేరు పొలారిస్, అంటే మన ధ్రువ నక్షత్రం. 4 జీబీ రకం 199 డాలర్లు, ఆనాటి లెక్కన సుమారు 13,400 రూపాయలు. పన్నులూ రవాణా కలిసి మన దుకాణాలకు వచ్చేసరికి అది ఎక్కువే అయిందనుకోండి.

199 ఎలా కుదిరిందన్నదే అసలు ముచ్చట. ఏఎండీవాళ్ల ముందున్నదీ మావాడి చిట్టా లాంటిదే, అందులో రూపాయల చోట చదరపు మిల్లీమీటర్లు, వాట్లు ఉన్నాయి, అంతే. చిప్ పెద్దదైన కొద్దీ ఒక సిలికాన్ పళ్లెం మీద తక్కువ చిప్‌లు పడతాయి, వాటిలో పాడయ్యేవి ఎక్కువ. అంతకుముందటి ఏఎండీ కార్డు ఆర్9 390లో చిప్ 438 చదరపు మిల్లీమీటర్లు. పొలారిస్‌ను 14 నానోమీటర్ల పద్ధతికి మార్చి, 232లో 570 కోట్ల ట్రాన్సిస్టర్లు ఇమిడ్చారు. మెమరీకి వెళ్లే దారిని 512 బిట్ల నుంచి 256కి తగ్గించారు. అయినా గేముల్లో పాత పెద్దన్నతో దాదాపు సమానంగా నడిచింది. ఏది కోసినా ఆట చెడదో చూసి అక్కడే కోశారు. నా దృష్టిలో అత్యంత వేగవంతమైన కార్డు కట్టడంకన్నా ఇది కష్టమైన విద్య.

ఒక్క చోట మాత్రం కత్తెర లోతుగా పడింది. మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లు తీసుకోవచ్చు, ఆరు పిన్నుల తీగ నుంచి ఇంకో 75. మొత్తం 150 అని రాసి ఒకే తీగ పెట్టారు. సమీక్షకులు మీటర్లు పెట్టి కొలిస్తే, బరువైన గేముల్లో స్లాట్ నుంచే 75 దాటి లాగుతోందని తేలింది. తక్కెడ ఒక పక్కకు ఒరిగింది. జులై మొదటి పదిరోజుల్లోనే ఏఎండీ కొత్త డ్రైవర్ విడుదల చేసి, స్లాట్ మీది భారం కొంత తీగ మీదికి మళ్లించింది.

మరుసటి ఏడాది ఇంకో చిక్కు వచ్చింది. ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ తవ్వేవాళ్లకు ఈ చవక కార్డులే అచ్చొచ్చాయి. 480, దాని తమ్ముడు 580 దుకాణాల్లో మాయమయ్యాయి. చవకగా చేసిన వస్తువు చవకగా దొరకకుండా పోయింది. 2022 సెప్టెంబరులో ఈథీరియం పద్ధతి మార్చుకున్నాక ఆ తవ్వకం ఆగింది, అరిగిన కార్డులు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో పడ్డాయి. కోడూరి 2017లోనే ఇంటెల్‌కు వెళ్లి, అక్కడ ఆర్క్ కార్డుల పని మొదలుపెట్టి, 2023లో బయటికొచ్చాడు.

ఇదంతా మావాడికి బెల్లం తూగేలోగా చెప్పలేదు. తిరుగుప్రయాణంలో, పస్రా దాటాక చెప్పాను. చిట్టా మళ్లీ తీయించాను. అందులో అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ లేదు.

"క్యాబినెట్‌తోని ఫ్రీగ వస్తది మామా."

"ఆ ఫ్రీదే మొత్తం పెట్టెను కాలుస్తది. మీ ఊళ్లె కరెంటు ఎట్ల ఎగురుతదో నీకు తెల్వదా?"

స్టిక్కర్ మీద 450 అని ఉన్నంతమాత్రాన లోపల 450 ఉండదు. మానిటర్ కొట్టేయించాను, ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ తీగ చాలు. రంగు లైట్ల ఫ్యాన్లు కొట్టేయించాను, ముఖం మాడ్చుకున్నాడు. ఈ డబ్బుతో మంచి కార్డు, మంచి ఎస్ఎంపీఎస్ రెండూ రావని తేలాక రైజెన్ 5 5600జీ దగ్గర ఆగాం. బొమ్మలు గీసే భాగం ప్రాసెసర్‌లోనే ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ ఒకే ముక్క వద్దు, 8 జీబీవి రెండు తీసుకుంటే ర్యామ్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి. పెద్ద గేములు తక్కువ సెట్టింగుల్లో ఆడుకోవాలి, తప్పదు.

పెట్టె ఇంటికొచ్చింది. ఎస్ఎంపీఎస్ మాత్రం 550 వాట్లది, పేరున్న కంపెనీది, ఇప్పుడే పెట్టించాం. కార్డు వచ్చే మిర్చి పంటకు.