లోకల్‌హోస్ట్ వస్తోంది.. మీరు పెట్టిన పేరు రావట్లేదా? జాంప్ తీసేసే ముందు ఈ 4 చోట్ల చూడండి!

ప్రాజెక్టు రివ్యూకి రెండు రోజులే టైమ్. కోడ్ రెడీ. లోకల్‌హోస్ట్ అని కొడితే పేజీ వస్తోంది.. కానీ సైట్‌కి పెట్టుకున్న సొంత పేరు కొడితే బ్రౌజర్ తెల్లమొహం వేస్తోంది. జగిత్యాల దగ్గర నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ అయినా, 2021లో మొదలైన సిరిసిల్ల జేఎన్‌టీయూ కాలేజీ అయినా, కోరుట్లలో డిగ్రీ చదువుతూ సైట్లు చేసేవాళ్లైనా.. వెబ్ ప్రాజెక్టు అంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ తలనొప్పి తప్పదు.

విసుగొచ్చి జాంప్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దాం అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే! మీ డేటాబేస్ ఉండేది జాంప్ ఫోల్డర్‌లోనే. బ్యాకప్ లేకుండా తీసేస్తే నెలల కష్టం పోవచ్చు. పైగా తప్పు జాంప్ బయట ఉంటే, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా పరిస్థితి మారదు.

అసలు వర్చువల్ హోస్ట్ అంటే ఏంటి?

ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు సైట్లు ఉన్నాయనుకోండి. ఒకటి సిరిసిల్ల చీరల కేటలాగ్, ఇంకోటి జగిత్యాల మామిడి మార్కెట్ రేట్లు. ఇంటి నంబర్ ఒకటే, లోపల అద్దెకు ఉండేవాళ్లు ఇద్దరు. ఉత్తరం మీద పేరు చూసి ఎవరిది వాళ్లకి ఇచ్చినట్టే, బ్రౌజర్ పంపిన పేరు చూసి అపాచీ సర్వర్ ఏ సైట్ చూపించాలో నిర్ణయిస్తుంది. అంటే పేరు కొట్టాక రిక్వెస్ట్ నాలుగు చోట్ల దాటాలి. ఎక్కడ ఆగిందో బ్రౌజర్ చూపించే ఎర్రరే చెప్తుంది.

1. 'సైట్ దొరకలేదు' అని వస్తే..

ఇది అపాచీ తప్పు కాదు. పేరు ఏ అడ్రస్‌దో కంప్యూటర్‌కి తెలియదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి పక్కన మీ సైట్ పేరు ఇవ్వండి. 127.0.0.1 కనిపిస్తే ఓకే. లేదంటే హోస్ట్స్ ఫైల్ చూడాలి. విండోస్‌లో ఇది సిస్టమ్32 లోపల డ్రైవర్స్, దాని లోపల ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది.

నోట్‌ప్యాడ్‌ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరవకపోతే సేవ్ కాదు. కొన్నిసార్లు పేరు చివర డాట్ టీఎక్స్‌టీ చేరిపోయి వేరే ఫైల్‌గా సేవ్ అవుతుంది, విండోస్ దాన్ని పట్టించుకోదు. లైన్‌లో ముందు 127.0.0.1, ఒక స్పేస్, తర్వాత సైట్ పేరు ఉంటే చాలు. హెచ్‌టీటీపీ గానీ, పోర్ట్ నంబర్ గానీ అక్కడ రాయకూడదు.

పేరు చివర 'డాట్ డెవ్' పెట్టారా? అది గూగుల్ చేతిలో ఉన్న డొమైన్. 2017 డిసెంబర్‌లో వచ్చిన క్రోమ్ 63 నుంచి దాన్ని బలవంతంగా హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తోంది. పాత వీడియోలు చూసి చేసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. 'డాట్ టెస్ట్' వాడండి. 1999 నుంచి టెస్టింగ్ కోసమే పక్కన పెట్టిన పేరు అది.

2. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే..

అడ్రస్ దొరికింది, తలుపు తీసేవాళ్లు లేరు. అపాచీ ఆగిపోయి ఉండాలి. అపాచీ స్టార్ట్ అవ్వకపోతే దాని పోర్ట్‌ని వేరే ప్రోగ్రామ్ ముందే పట్టుకుని ఉండొచ్చు. జాంప్ ప్యానెల్‌లో నెట్‌స్టాట్ బటన్ నొక్కితే అదేంటో తెలుస్తుంది. దాన్ని ఆపండి. లేదా అపాచీని 8080కి మార్చండి. అలా మారిస్తే వర్చువల్ హోస్ట్ బ్లాక్‌లో, బ్రౌజర్ అడ్రస్‌లో కూడా 8080 ఇవ్వాలి.

3. వేరే సైట్ ఓపెన్ అయితే..

మీ సైట్‌కి బదులు జాంప్ డ్యాష్‌బోర్డ్ వస్తోందా? పేరు ఏ బ్లాక్‌తోనూ కలవకపోతే అపాచీ మొదటి బ్లాక్‌ని చూపిస్తుంది. సర్వర్‌నేమ్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇంతే. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో వీహోస్ట్స్ ఫైల్‌ని కలిపే ఇన్‌క్లూడ్ లైన్ ముందు # గుర్తు ఉంటే తీసేయండి. ఏది మార్చినా అపాచీని రీస్టార్ట్ చేయాల్సిందే.

కొత్త బ్లాక్ రాశాక లోకల్‌హోస్ట్ కొట్టినా కొత్త సైటే వస్తోందంటే కారణం కూడా ఇదే. లోకల్‌హోస్ట్‌కి ఒక బ్లాక్ రాసి, దాన్ని అన్నిటికంటే పైన పెట్టండి. ఉబుంటులో అయితే ఫైల్ రాస్తే సరిపోదు, ఏ2ఎన్‌సైట్ కమాండ్‌తో దాన్ని ఆన్ చేయాలి.

4. 403, 404 వస్తే..

ఇక్కడి దాకా వచ్చారంటే దాదాపు గెలిచినట్టే! 403 అంటే ఫోల్డర్ చూసే పర్మిషన్ లేదు. డైరెక్టరీ బ్లాక్‌లో 'రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్' ఉందో లేదో చూడండి. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే 'ఆర్డర్ అలౌ, డినై' పద్ధతి 2012లో అపాచీ 2.4 వచ్చాక మారిపోయింది. 404 అయితే డాక్యుమెంట్‌రూట్ పాత్ సరిచూడండి. హోమ్ పేజీ వచ్చి లోపలి పేజీలు రాకపోతే 'అలౌఓవర్‌రైడ్ ఆల్' పెట్టారో లేదో చూడాలి.

ఇంకా తేలకపోతే అపాచీ లాగ్స్ ఫోల్డర్‌లో ఎర్రర్ లాగ్ తెరిచి చివరి లైన్లు చదవండి. ఊహించడం కన్నా అది నయం.

ఫోన్‌లో ఎందుకు రావట్లేదు?

హోస్ట్స్ ఫైల్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే పనిచేస్తుంది, ఆ పేరు మీ ఫోన్‌కి తెలియదు. ఒకే వైఫైలో ఉంటే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్‌తో ప్రయత్నించొచ్చు. ఫైర్‌వాల్ పర్మిషన్ ఉండాలి. అప్పుడు కూడా వచ్చేది మొదటి బ్లాక్ సైటే. హాస్టల్ వైఫైలో మాత్రం జాగ్రత్త! జాంప్ డేటాబేస్ రూట్ యూజర్‌కి మొదట పాస్‌వర్డ్ ఉండదు.

రివ్యూ రోజు ఇవి మర్చిపోవద్దు

* పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టి డేటాబేస్ కాపీ తీసుకోండి.
* ప్రాజెక్టు ఫోల్డర్‌తో పాటు వీహోస్ట్స్ ఫైల్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.
* ల్యాబ్ సిస్టమ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే హోస్ట్స్ ఫైల్ జోలికి వెళ్లక్కర్లేదు. క్రోమ్‌లో 'డాట్ లోకల్‌హోస్ట్'తో ముగిసే ఏ పేరైనా అదే కంప్యూటర్‌కి వెళ్తుంది. సర్వర్‌నేమ్‌లో కూడా అదే పేరు ఇచ్చి అపాచీని రీస్టార్ట్ చేస్తే చాలు.