మన్యం మంచులో... క్లిక్!

డిసెంబరు వస్తే చాలు, కెమెరాలన్నీ లంబసింగి దారి పడతాయి. ఆ ఊరికి కొర్రబయలు అనీ పేరు. బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని అర్థమట!

పొగమంచును చూసి కెమెరా కూడా తికమకపడుతుంది. ఆ తెలుపును ఎక్కువ వెలుగనుకుని ఫొటోను బూడిదరంగులోకి దించేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి. ఫ్రేములో ఓ చెట్టో మనిషో ఉండాలి. లేదంటే మిగిలేది తెల్లకాగితమే. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది, ఇంకోటి జేబులో వెచ్చగా దాచుకోవాలి.

అక్కణ్నుంచి పాడేరు మీదుగా అరకు వెళ్తే పచ్చటి వలిసె పూలు. ఫొటోల కోసం చేలోకి దూరేవాళ్లకు అది పూలతోట. గిరిజన రైతుకు నూనెగింజల పంట. తొక్కిన మొక్క గింజ కట్టదు. గట్టుమీదే కూర్చుని, కెమెరాను పూల ఎత్తుకు దించి తీయండి... చేను కొండదాకా పరుచుకున్నట్టే వస్తుంది.