ఎలుగుబంటి ఎదురైతే ఏ తుపాకీ?

విశాఖపట్నంలో కిరండుల్ రైలు ఎక్కితే అరకు సొరంగాలు దాటి, జగ్దల్‌పూర్ మీదుగా బచేలి చేరుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉన్న ఈ ఇనుప గనుల ఊరి వెనుక బైలాడిలా కొండలు గోడలా నిలబడి ఉంటాయి. ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కాబట్టి వాటికి ఆ పేరు. గనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇదే కొండల వరుసలో ఉన్న ఢోల్కల్ గణపతిని చూడటానికి అడవి దారిన నడిచి వెళ్లేవారూ ఉన్నారు. ఇలాంటి చోట గుడారం వేసుకుని రాత్రి గడపాలనుకునేవారికి ఒక సందేహం రావడం సహజం. ఎలుగుబంటి వస్తే ఎలా? తుపాకీ ఉంటే మంచిదేమో, ఉంటే ఎలాంటిది?

దీనికి జవాబు కావాలంటే తుపాకుల కంటే ముందు ఎలుగుబంటి గురించి తెలుసుకోవాలి.

పారిపోవడం నేర్వని జంతువు

బస్తర్ అడవుల్లో ఉండేది స్లాత్ బేర్. శాస్త్రీయ నామం మెలర్సస్ అర్సైనస్. చెదపురుగులు, చీమలు, పండ్లు, తేనె దీని ఆహారం. పై దవడలో ముందరి రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి గాలి పీల్చి పుట్టలోని చెదలను లాగేసుకుంటుంది. పుట్టలు తవ్వడానికి పొడవాటి, వంపు తిరిగిన గోళ్లుంటాయి. మనిషి ముఖానికి తగిలినప్పుడు ప్రాణాంతకమయ్యేవి ఈ గోళ్లే.

ఇది మనిషిని తినడానికి వెంటాడదు. అయినా దాడి ఎందుకు చేస్తుంది? ఈ జాతి పులులున్న అడవుల్లో పరిణామం చెందింది. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుతపులీ చెట్టెక్కుతుంది. తల్లి పిల్లలను వీపు మీద మోసుకుని తిరుగుతుంది కాబట్టి వేగంగా పరుగెత్తి తప్పించుకోవడమూ కష్టమే. అందుకే ప్రమాదం దగ్గరికి వచ్చిందనిపిస్తే ఎదురుతిరగడమే దీని ఆత్మరక్షణ అని శాస్త్రవేత్తలు వివరిస్తారు. వాసన బాగా పసిగడుతుంది కానీ చూపు, వినికిడి అంతంతమాత్రమే. పుట్ట తవ్వుతూనో, ఇప్పపువ్వు తింటూనో మునిగిపోతే, మనిషి పక్కకు వచ్చేదాకా గమనించదు. గమనించగానే మీద పడుతుంది.

ఈ భయం ఉత్తది కాదు. బస్తర్ అప్పటి మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజుల్లో, 1989 నుంచి 1994 వరకు ఐదేళ్లలో ఆ రాష్ట్రంలో ఎలుగుబంట్లు 735 మందిపై దాడి చేశాయని, వారిలో 48 మంది చనిపోయారని ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబరు వరకు 137 దాడులు జరిగితే 11 మంది మరణించారు. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడిసింగి దగ్గర జీడితోటల్లో జరిగిన దాడులు తెలుగువారికి ఇంకా గుర్తే.

సెకను లెక్క

ఇప్పుడు తుపాకీ సంగతి చూద్దాం. పొదల మాటున ఎలుగుబంటి పది మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అది గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చినా సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా దాటుతుంది. అంటే మన చేతిలో ఉండేది కాస్త ఎక్కువగా ఒక సెకను. ఆ లోపలే చూడాలి, ఎలుగుబంటేనని పోల్చుకోవాలి, తుపాకీ భుజం మీంచి తీయాలి, గురిపెట్టాలి, పేల్చాలి. బస్తర్ పల్లెల్లో ఒకప్పుడు ఎక్కువగా కనిపించిన నాటు తుపాకీ అయితే ఒక్కసారే పేలుతుంది. మళ్లీ మందు కూరేంత సమయం ఉండదు. పక్కన స్నేహితుడు ఉంటే గుండు అతనికి తగిలే ప్రమాదమూ ఉంది.

ఎలుగుబంట్ల మధ్య తుపాకీతో తిరగడం మామూలైన అలాస్కాలో శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని పరిశీలించారు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం 1883 నుంచి 2009 వరకు తుపాకీ ప్రమేయమున్న 269 ఘటనలను సేకరించి 2012లో ఫలితాలు ప్రచురించింది. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం ఘటనల్లో పనిచేశాయి. కానీ తుపాకీ దగ్గరుండి పేల్చినవారికీ, దగ్గరుండి పేల్చనివారికీ గాయాలపాలు కావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇదే బృందంలోని వారు 2008లో కారం స్ప్రేపై మరో అధ్యయనం ప్రచురించారు. స్ప్రే వాడిన దగ్గరి ఘటనల్లో 98 శాతం మంది గాయపడకుండా బయటపడ్డారు. రెండు అధ్యయనాల్లోని ఘటనలు ఒకే రకమైనవి కావు కాబట్టి ఈ అంకెలను నేరుగా పోల్చకూడదు. అయితే స్ప్రేకు సూటిగా గురి అక్కర్లేదన్నది నిజం. మన మిరపకాయకు మంటనిచ్చే క్యాప్సైసిన్ మేఘంలా వ్యాపించి కళ్లు, ముక్కు, గొంతులోని నొప్పి నాడులను ఒక్కసారిగా రేపుతుంది. మన దుకాణాల్లో దొరికే చిన్న పెప్పర్ స్ప్రే సీసా మాత్రం మనుషులను దృష్టిలో పెట్టుకుని చేసింది. దాన్ని నమ్ముకుని ఎలుగుబంటి ఉన్న పొదలోకి వెళ్లకూడదు.

చట్టం కూడా తుపాకీకి అనుకూలంగా లేదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు తప్పనిసరి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో ఉన్న ఎలుగుబంటిని వేటాడితే జైలుశిక్ష పడుతుంది. ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో చంపడం నేరం కాదని సెక్షన్ 11 చెబుతోంది. అయితే ఆ మినహాయింపు అప్పటికే నేరం చేస్తున్నవారికి వర్తించదు.

ఎదురుపడకపోవడమే రక్షణ

దాడికి మూలం ఉలికిపాటు కాబట్టి, ఉలికిపడనివ్వకపోవడమే అసలు ఆయుధం. అడవిలో ఒంటరిగా కాకుండా గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ నడవాలి. నేలకు తాటించే కర్ర, దానికి కట్టిన గంటలు మంచి తోడు. తెల్లవారుజామున, సాయంత్రం, రాత్రి ఎలుగుబంట్లు ఎక్కువగా తిరుగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలే వేళకు మనుషులూ ఎలుగుబంట్లూ ఒకే చెట్టు కిందికి చేరతారు. పువ్వు ఏరుకునేవారు బాగా వెలుగు వచ్చాకే బయలుదేరడం మంచిది. గుడారం వేయాలంటే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఇప్పచెట్లు, పుట్టలు, రాతి గుహలు, నీటి చెలమలు ఉన్న చోటు వదిలేయాలి.

దూరంగా కనిపిస్తే పరుగెత్తకుండా, దాని మీంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి తగ్గాలి. మీద పడితే బోర్లా పడుకుని చేతులతో మెడను, ముఖాన్ని కాపాడుకోవాలి. గాయమైతే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి చేరాలి. రేబిస్ టీకా మరిచిపోకూడదు.

బైలాడిలా అడవిలో తుపాకీకి దొరికేది ఒక్క సెకను. మాటలకు, గంటల చప్పుడుకు దొరికేది దారంతా. పది మీటర్ల దూరంలో ఏం చేయాలా అని ఆలోచించే కంటే, వంద మీటర్ల దూరంలోనే మన రాక దానికి తెలిసేలా నడిస్తే మనమూ, ఎలుగుబంటీ కూడా క్షేమంగా ఇల్లు చేరతాం.