నడిచే మిల్లు కొనాలంటే... సొమ్ముకు దారులేవి?

పథకాలు కొత్త యూనిట్లకే.. పాతవాటికి దారి వేరు
అమ్మకందారు బకాయిలు తేలకుంటే కొన్నవారికే చిక్కులు

మిర్యాలగూడ: నాగార్జునసాగర్‌ ఎడమ కాలువ ఆయకట్టులో వరి పండినంత కాలం మిర్యాలగూడకు మిల్లుల పట్టణమన్న పేరు చెరగదు. మిల్లులు చేతులు మారడమూ ఇక్కడ కొత్త కాదు. వారసులు వేరే వృత్తుల్లో స్థిరపడటం, భాగస్వాముల మధ్య పొత్తు చెడటం, అప్పులు మీదపడటం వంటి కారణాలతో నడుస్తున్న మిల్లు అమ్మకానికి వస్తుంది. ఏళ్ల తరబడి ధాన్యం వ్యాపారం చేసినవారు, మిల్లుల్లోనే గుమస్తాలుగా పనిచేసి మెళకువలు నేర్చినవారు కొనడానికి ముందుకు వస్తారు. పని తెలుసు, రైతులతో పరిచయాలున్నాయి. చేతిలో ఉన్న సొమ్ము మాత్రం ధరలో మూడో వంతు ఉంటే గొప్ప. మిగతాది ఎక్కడినుంచి తేవాలన్న దగ్గరే తికమక మొదలవుతుంది. ఇది ఒక్క మిల్లులకే పరిమితమైన సమస్య కాదు. జిన్నింగ్‌ మిల్లు, శీతల గిడ్డంగి, మందుల దుకాణం, చివరకు వీధి చివరి కిరాణం కొన్నా లెక్క దాదాపు ఇంతే.

ఎక్కువమంది ముందుగా వెళ్లేది జిల్లా పరిశ్రమల కేంద్రానికి. సబ్సిడీ రుణం దొరుకుతుందన్న ఆశతో వెళ్లి నిరాశతో తిరిగివస్తుంటారు. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం కింద తయారీ రంగంలో 50 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టులకు రాయితీ ఇచ్చేలా నిబంధనలు రూపొందాయి. అయితే అది కొత్తగా నెలకొల్పే యూనిట్లకే. ఉన్న మిల్లును కొంటే వర్తించదు. ఎస్సీ, ఎస్టీలు, మహిళల కోసం 2016 ఏప్రిల్‌లో ప్రారంభించిన స్టాండప్‌ ఇండియాలోనూ తొలిసారి పెట్టే కొత్త సంస్థలకే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణమన్నారు. ఆ పథకం గడువు కూడా 2025 మార్చి 31తో ముగిసింది. ముద్ర రుణాలు 10 లక్షల వరకే లభిస్తాయి. గతంలో ‘తరుణ్‌’ విభాగంలో తీసుకుని సక్రమంగా చెల్లించినవారికి 2024 అక్టోబరు నుంచి 20 లక్షల వరకు అవకాశం కల్పించారు. చిన్న దుకాణం కొనుగోలుకు ముద్ర ఆసరా కావచ్చు గానీ మిల్లుకు చాలదు. కొత్త షెడ్డు వేస్తే రాయితీ, పనిచేస్తున్న షెడ్డును మూతపడకుండా నిలబెడితే రిక్తహస్తమన్న ఈ తీరు సబబేనా అన్నది ప్రభుత్వాలు ఆలోచించాల్సిన విషయం.

బ్యాంకు దేనికి ఇస్తుంది?

మిగిలింది సాధారణ టర్మ్‌ రుణం. అమ్మకందారు ధర మొత్తాన్ని ఒకే అంకెగా చెబుతారు. బ్యాంకు ఆ అంకెను ముక్కలుగా విడదీసి చూస్తుంది. ఉదాహరణకు ఒక మిల్లు ధర కోటీ 20 లక్షలు అనుకుందాం. అందులో స్థలం, షెడ్డు విలువ 65 లక్షలు, యంత్రాలు 35 లక్షలు, విడిభాగాలు, ఇతర సామగ్రి 5 లక్షలు. తక్కిన 15 లక్షలు మిల్లుకున్న పేరుకు, అంటే గుడ్‌విల్‌కు కట్టిన వెల. స్థలం, షెడ్డుపై నాలుగింట మూడు వంతులు, పాత యంత్రాలపై సగం ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకుందనుకుంటే 66.25 లక్షలు దాటదు. సామగ్రికి, పేరుకు రూపాయి కూడా రాదు. పాత యంత్రాలు ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తాయో చార్టర్డ్‌ ఇంజినీరు ధ్రువపత్రం కావాలంటారు. స్థలం వ్యవసాయేతర భూమిగా మారి ఉండాలి. నాలా మార్పిడి లేకుంటే తనఖాకు పనికిరాదు.

రిజిస్ట్రేషన్‌లో విలువ తగ్గించి చూపి మిగతాది చేతిలో పెట్టే అలవాటు కొనుగోలుదారును ఇక్కడ గట్టిగా దెబ్బతీస్తుంది. పత్రంలో రాసిన విలువ, మదింపుదారు చెప్పిన విలువల్లో తక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవడం బ్యాంకుల రివాజు. తగ్గించి రాస్తే స్టాంపు రుసుంలో మిగిలేదానికన్నా రుణంలో పోయేదే ఎక్కువ. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే తీసుకున్నవారిపై అంతే మొత్తం జరిమానా విధించే నిబంధన 2015 జూన్‌ నుంచి అమల్లోకి వచ్చింది. తెలంగాణలో స్టాంపు, రిజిస్ట్రేషన్‌ ఖర్చులు 2021 జులైలో మొత్తం 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన 65 లక్షల ఆస్తికి 4.87 లక్షలు వేరుగా తీసిపెట్టుకోవాలి. చాలామంది బడ్జెట్లో ఈ పద్దు కనిపించదు.

హామీగా పెట్టడానికి వేరే ఆస్తి లేనివారికి సూక్ష్మ, చిన్న పరిశ్రమల రుణ హామీ నిధి ట్రస్టు ఉంది. కేంద్రం, సిడ్బీ కలిసి 2000లో దీన్ని నెలకొల్పాయి. హామీ పరిమితిని 2023 ఏప్రిల్‌లో 5 కోట్లకు, 2025 ఏప్రిల్‌లో 10 కోట్ల రూపాయలకు పెంచారు. ఈ హామీ బ్యాంకుకే గానీ రుణగ్రహీతకు కాదు. అందుకు ఏటా రుసుం చెల్లించాలి, అప్పు మొత్తం తీర్చాల్సిందే. పాత యూనిట్‌ కొనుగోలును ఈ హామీ కిందకు తీసుకోవాలా వద్దా అన్నది బ్యాంకు ఆయా కేసును బట్టి నిర్ణయిస్తుంది. కనుక దరఖాస్తుకు ముందే మేనేజరును సూటిగా అడగడం మేలు.

అమ్మినవారే అప్పిస్తే

పై ఉదాహరణలో కొనేవారి వద్ద 35 లక్షలున్నాయి, బ్యాంకు 65 లక్షలిచ్చింది. ఇంకా 20 లక్షలు లోటు. ఇక్కడే అందరూ తేలిగ్గా చూసే మార్గమొకటుంది. ఆ మొత్తాన్ని అమ్మకందారు వద్దే బాకీగా ఉంచి వాయిదాల్లో చెల్లించడం. బయానా ఇచ్చి గడువులోగా తక్కినది కట్టే పద్ధతి భూముల కొనుగోలులో ఉన్నదే. వ్యాపారంలో దాన్ని రెండు మూడేళ్లకు పొడిగించడమే తేడా.

అయితే లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. 65 లక్షలకు 11 శాతం వడ్డీతో ఏడేళ్ల గడువైతే నెలకు లక్షా 11 వేల పైచిలుకు, ఏడాదికి 13.36 లక్షలు కట్టాలి. కిస్తీకి ఒకటిన్నర రెట్లు మిగులు ఉంటే, అంటే ఏడాదికి 20 లక్షలు మిగిలితే, బ్యాంకు దృష్టిలో ఆ మిల్లు గట్టిదే. అమ్మకందారు బాకీ 20 లక్షలను వడ్డీ లేకుండా రెండేళ్లలో తీర్చాలన్నా ఏడాదికి 10 లక్షలు. రెండూ కలిపితే 23.36 లక్షలు. బ్యాంకు పరీక్షలో నెగ్గిన మిల్లే ఇంటి లెక్కలో తప్పుతుంది. ఇంటి ఖర్చులు ఇంకా కలపనే లేదు. అదే బాకీని నాలుగేళ్లకు పొడిగిస్తే ఏడాది భారం 18.36 లక్షలకు దిగుతుంది, ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. కనుక ధరలో లక్షో రెండు లక్షలో తగ్గించమని బేరమాడేకన్నా గడువు కోసం బేరమాడటమే లాభసాటి.

అదే 20 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీయే 4.80 లక్షలు. అసలు పైసా తరగదు. మిల్లు ఆదాయం పంట సీజన్లను బట్టి వస్తుంది, వడ్డీ మాత్రం నెలనెలా పెరుగుతుంది.

నాలుగేళ్ల వాయిదాలకు ఒక్క డిమాండ్‌ ప్రోనోటు రాసుకుని ఊరుకోకూడదు. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లే. వాయిదాల తేదీలు, మొత్తాలు, తప్పితే ఏం చేయాలన్నది ఒప్పందంలో రాసుకోవాలి. బ్యాంకుకు ఈ బాకీ సంగతి దాచకూడదు. ఆస్తిపై అమ్మకందారుకు రెండో తనఖా ఇవ్వాలన్నా బ్యాంకు అనుమతి తప్పనిసరి. మిల్లు బ్రహ్మాండంగా నడుస్తోందని చెబుతూనే ఒక్క రూపాయి కూడా బాకీ ఉంచడానికి ఒప్పుకోని అమ్మకందారు ఉంటే, ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆరా తీయడంలో తప్పులేదు.

లీజు, పొత్తు

ఒకటి రెండు సీజన్లు లీజుకు నడిపి ఆ తర్వాత కొనే పద్ధతీ ఉంది. మిల్లు అసలు ఆదాయమెంతో కళ్లారా తెలుస్తుంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్‌ చేయించాలి. తర్వాత ఏ ధరకు అమ్ముతారో అందులోనే రాయించుకోవాలి. డబ్బున్న బంధువునో మిత్రుడినో భాగస్వామిగా చేర్చుకుంటే వడ్డీ తప్పుతుంది. సంస్థను రిజిస్ట్రార్‌ ఆఫ్‌ ఫర్మ్స్‌ వద్ద నమోదు చేయించకుంటే రేపు బాకీదారులపై దావా వేసే హక్కుండదని 1932 భాగస్వామ్య చట్టం చెబుతోంది. ఇక చిట్టీ పాట. నిర్వాహకుల కమీషన్‌ పరిమితిని 2019 సవరణలో 5 నుంచి 7 శాతానికి పెంచారు. తొలి నెలల్లోనే పాడితే కోత ఎక్కువ పడుతుంది గనుక మార్జిన్‌ సొమ్ములో చిన్న భాగానికే ఇది పనికొస్తుంది.

వెంట వచ్చే బకాయిలు

అప్పు పుట్టడం ఒక ఎత్తయితే, ఆ సొమ్ము ముందుగా ఎక్కడికి పోవాలన్నది మరో ఎత్తు. మిల్లు ఇప్పటికే ఏదో బ్యాంకులో తనఖాలో ఉండే అవకాశమే ఎక్కువ. ఈసీ ఒక్కటే చూస్తే సరిపోదు. 2011లో ఏర్పాటైన కేంద్ర తనఖాల రిజిస్ట్రీలోనూ వెతికించాలి. కొత్త రుణం సొమ్ము అమ్మకందారు చేతికి కాకుండా నేరుగా ఆయన రుణ ఖాతాకు జమ కావాలి. పాత బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం, అసలు దస్తావేజులు కొత్త బ్యాంకుకు చేరాలి.

వరి మిల్లుకు ప్రత్యేకమైన బాకీ సీఎంఆర్‌. పౌరసరఫరాల సంస్థ ఇచ్చిన ధాన్యాన్ని మరాడించి క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. వెయ్యి క్వింటాళ్ల ధాన్యం తీసుకుని చేతులెత్తేస్తే 670 క్వింటాళ్ల బియ్యం బాకీ. అలా అప్పగించని మిల్లులపై రెవెన్యూ రికవరీ చట్టం కింద చర్యలు, క్రిమినల్‌ కేసులు రాష్ట్రంలో నడిచాయి. ఆస్తి జప్తు ఉత్తర్వుల్లో ఉంటే కొనుగోలే చిక్కుల్లో పడుతుంది. ఎగవేత ముద్ర ఉన్న మిల్లుకు తిరిగి ధాన్యం కేటాయింపూ కష్టమే. వానాకాలం, యాసంగి వారీగా ఎంత ధాన్యం తీసుకున్నారు, ఎంత బియ్యం ఇచ్చారన్న లెక్కను జిల్లా పౌరసరఫరాల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చిస్తేనే బయానా ఇవ్వాలి.

వ్యాపారాన్ని మొత్తంగా బదిలీ చేస్తే అప్పటివరకు ఉన్న జీఎస్టీ పన్ను, వడ్డీ, జరిమానాలకు అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ బాధ్యులని చట్టంలోని 85వ సెక్షన్‌ స్పష్టం చేస్తోంది. అలాగని యంత్రాలను విడివిడిగా అమ్మినట్టు చూపితే వాటిపై పన్ను పడుతుంది. నడిచే వ్యాపారాన్ని ఏకమొత్తంగా బదిలీ చేస్తే మాత్రం 2017 నోటిఫికేషన్‌ ప్రకారం మినహాయింపు ఉంది. కార్మికుల భవిష్య నిధి బకాయిలూ కొన్నవారి దాకా రావచ్చు. అందుకే ధరలో కొంత మొత్తాన్ని ఆరు నెలల నుంచి ఏడాది వరకు నిలిపి ఉంచి, పాత నోటీసులేవీ రాలేదని తేలాక చెల్లించేలా ఒప్పందంలో రాసుకోవడం ఉత్తమం. అమ్మకందారు బాకీగా ఉంచిన సొమ్మే ఇందుకూ ఉపయోగపడుతుంది.

ధాన్యానికి డబ్బేదీ?

ఉన్నదంతా మిల్లుకే పెట్టి, తాళాలు అందుకున్నాక ధాన్యం కొనడానికి సొమ్ము లేక షెడ్డు ఖాళీగా ఉంచడం తరచూ జరిగే పొరపాటు. అమ్మకందారుకున్న క్యాష్‌ క్రెడిట్‌ పరిమితి, జీఎస్టీ నంబరు, ఉద్యమ్‌ నమోదు సొంత యాజమాన్య మిల్లుల్లో కొత్తవారికి బదిలీ కావు. కొత్తగా తీసుకోవాలి. చిన్న పరిశ్రమలకు అంచనా టర్నోవరులో కనీసం 20 శాతం నిర్వహణ మూలధనంగా ఇవ్వాలన్న నాయక్‌ కమిటీ సూత్రాన్ని బ్యాంకులు పాటిస్తాయి. ఏటా 4 కోట్ల టర్నోవరుకు 80 లక్షలు. టర్మ్‌ రుణంతో పాటే దీనికీ దరఖాస్తు చేయాలి. విడిగా తర్వాత అడిగితే సీజను దాటిపోతుంది.

వేలంలో కొనేవారికి

బ్యాంకులు సర్ఫేసీ చట్టం కింద వేలం వేసే మిల్లులు చౌకగా కనిపిస్తాయి. పాట దక్కిన రోజున లేదా మరుసటి పనిదినంలోగా ధరావతుతో కలిపి 25 శాతం కట్టాలి. మిగతాది 15 రోజుల్లో చెల్లించాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గరిష్ఠంగా మూడు నెలల వరకు గడువు దొరుకుతుంది. అది దాటితే కట్టినది గల్లంతే. రుణం మంజూరుకు పట్టే సమయం దృష్ట్యా, సూత్రప్రాయ ఆమోదం చేతిలో లేకుండా పాటకు వెళ్లడం సాహసమే.

వేలం ‘ఉన్నది ఉన్నట్టుగా’ జరుగుతుంది. పాత యజమాని విద్యుత్తు బకాయిని కొత్త యజమాని నుంచి వసూలు చేసేలా నిబంధనలు పెట్టుకునే అధికారం విద్యుత్తు సంస్థలకు ఉందని కేసీ నినాన్‌ కేసులో సుప్రీంకోర్టు 2023 మే 19న తీర్పు చెప్పింది. హెచ్‌టీ సర్వీసున్న మిల్లుకు ఆ బకాయి లక్షల్లో ఉండొచ్చు. వేలం నోటీసులో దాని ప్రస్తావన లేకుంటే, సర్వీసు నంబరుతో విద్యుత్తు కార్యాలయంలో అడిగి లెక్కను రాతపూర్వకంగా తీసుకున్నాకే ధరావతు కట్టాలి.