గోడ మారే ఆట, గోడ మారని ఆట

స్విట్జర్లాండ్‌లో మైరింగన్, రష్యాలో మాస్కో, చైనాలో చోంగ్‌చింగ్, వూజియాంగ్, జర్మనీలో మ్యూనిక్, అమెరికాలో వేల్. 2019 ఏప్రిల్ మొదటివారం నుంచి జూన్ రెండోవారం దాకా బౌల్డరింగ్ ప్రపంచకప్ ఈ ఆరు ఊళ్లూ తిరిగింది. ఆరు చోట్లా మహిళల విభాగంలో గెలిచింది ఒక్కరే. పేరు యాన్యా గార్న్‌బ్రెట్, దేశం స్లొవేనియా, అప్పటికి వయసు 20. ఒక సీజన్లో జరిగిన బౌల్డరింగ్ కప్పులన్నీ ఒకరే ఎగరేసుకుపోవడం అంతకుముందు ఆడవాళ్లలోనూ లేదు, మగవాళ్లలోనూ లేదు.

ఇందులో అంత వింతేముందని అనిపించవచ్చు. టెన్నిస్‌లో వరసపెట్టి టోర్నీలు గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. కానీ టెన్నిస్ కోర్టు ఏ దేశం వెళ్లినా అదే కొలత, నెట్ అదే ఎత్తు. బౌల్డరింగ్‌లో అలా కాదు. నాలుగు మీటర్ల పైచిలుకు గోడ, తాడు ఉండదు, పడితే కింద మందపాటి పరుపులు. ఆ కాస్త ఎత్తులో ప్లాస్టిక్ పట్లు, పెద్దపెద్ద దిమ్మెలు బిగించి ఒక చిక్కుముడి తయారుచేస్తారు. దాన్ని ‘ప్రాబ్లమ్’ అంటారు. రౌండు మారితే పాత ప్రాబ్లమ్‌లు పీకేసి కొత్తవి బిగిస్తారు. నిన్న ఎక్కిన దారి ఇవాళ ఉండదు.

వీటిని తయారుచేసేవాళ్లు రూట్ సెట్టర్లు. టీవీలో వాళ్లు కనిపించరు గాని సగం ఆట వాళ్లదే. పని చూస్తే పరీక్ష పేపరు సెట్ చేసినట్టే ఉంటుంది. మరీ తేలికైతే అందరూ పైకెక్కేస్తారు, మరీ కష్టమైతే ఎవరూ ఎక్కరు. రెండింట్లో ఏది జరిగినా ఎవరు గొప్పో తేలదు. పేపరు లీక్ కాకుండా కట్టుదిట్టాలూ ఉంటాయి. పోటీకి ముందు ఆటగాళ్లందరినీ ఐసొలేషన్ అనే గదిలో ఉంచుతారు, ఫోన్లు పనికిరావు. తన వంతు వచ్చేదాకా ముందువాళ్లు ఏం చేశారో, ఎక్కడ జారారో తెలియదు. బయట ప్రేక్షకుల కేకలు మాత్రం లోపలికి వినిపిస్తుంటాయి. ఆ అరుపుని బట్టి ఎవరో పైకెక్కారని ఊహించుకుంటూ కూర్చోవాలి.

ఫైనల్‌కి ముందు ఒక చిన్న ముచ్చట జరుగుతుంది. ఫైనలిస్టులందరినీ కలిపి గోడ ముందుకు తీసుకొస్తారు. ఒక్కో ప్రాబ్లమ్‌ని చూడడానికి రెండు నిమిషాలు. అందరూ గాలిలో చేతులు ఆడిస్తూ ఎక్కడ కుడిచెయ్యి, ఎక్కడ ఎడమకాలు అని లెక్కలు వేసుకుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు కూడా. కాసేపట్లో పోటీ పడబోయేవాళ్లు ఇలా కూడబలుక్కోవడం ఇంకే ఆటలోనైనా ఉంటే ఫిక్సింగ్ అని కేసు పెట్టేవారు! ఇక్కడ ప్రత్యర్థి గోడే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో ప్రాబ్లమ్‌కి నాలుగు నిమిషాలు. అలాంటివి నాలుగు. చివరి పట్టుని రెండు చేతులా పట్టుకుని నిలదొక్కుకుంటే ‘టాప్’, మధ్యలో గుర్తుపెట్టిన పట్టుదాకా చేరితే ‘జోన్’. 2019లో వరస ఇది: ముందు ఎవరికెన్ని టాప్‌లు, సమానమైతే ఎన్ని జోన్‌లు, అప్పటికీ తేలకపోతే ఎన్ని ప్రయత్నాల్లో. ఒక ప్రాబ్లమ్‌కి పరుగెత్తి దూకాల్సివస్తుంది. ఇంకోదానికి చేతికి దొరికేదేమీ ఉండదు, నున్నటి వాలు మీద బూటు కొన ఆనించి ఊపిరి బిగబట్టి లేవాలి. ఒకదానికి ఒడుపు, ఒకదానికి వేళ్ల బలం, ఒకదానికి బుర్ర. ఆరు ఊళ్లలో ఆరుసార్లు వీటన్నిటికీ ఒకే మనిషి దగ్గర జవాబు దొరికింది. గార్న్‌బ్రెట్ సాధించింది అది.

ఆ సీజన్ మొత్తం మీద ఆమె తర్వాతి స్థానం జపాన్‌కి చెందిన అకియో నొగుచిది. అప్పటికే నాలుగుసార్లు ఓవరాల్ టైటిల్ గెలిచిన అనుభవశాలి. మే నెలాఖరులో ఆమెకి ముప్పయ్యేళ్లు నిండాయి. ఇబారాకి ప్రాంతంలో పశువుల ఫారం నడిపే ఇంట్లో పుట్టిన పిల్ల. చిన్నప్పుడు తండ్రి కొట్టంలోనే గోడ కట్టిస్తే దాని మీద సాధన చేసింది.

ఇక లీడ్. బౌల్డరింగ్‌లో మెరుపులుంటే లీడ్‌లో ఓర్పు ఉంటుంది. పదిహేను మీటర్లకు తగ్గని గోడ, చాలాచోట్ల ముందుకి వాలి ఉంటుంది. నడుముకి తాడు, దారి పొడవునా దాన్ని తగిలించుకుంటూ వెళ్లడానికి కొక్కేలు. ఆరు నిమిషాల గడువు. ఒక్కటే అవకాశం, చెయ్యి జారితే అక్కడితో సరి. ఎంత పైకి వెళ్తే అంత స్కోరు. జూలైలో ఆల్ప్స్ పర్వతాల ఊళ్లలో, అంటే విలార్, షామొనీ, బ్రియాన్‌సాన్‌లలో వరసగా మూడు కప్పులు జరిగాయి. అక్కడి నుంచి స్లొవేనియాలో క్రాన్, చైనాలో షియామెన్, చివరికి జపాన్‌లో ఇన్‌జాయ్.

గార్న్‌బ్రెట్‌కి అసలు పేరు తెచ్చింది లీడే. 2016, 2017, 2018ల్లో ఓవరాల్ టైటిల్ ఆమెదే. కాబట్టి బౌల్డరింగ్ ఊడ్చేసిన ఏడాది లీడ్ కూడా ఆమె ఖాతాలోనే పడుతుందని అందరూ అనుకున్నారు. పడలేదు. కొరియా నుంచి వచ్చిన సో చేహ్యన్ అనే పిల్ల ఆ టైటిల్ పట్టుకుపోయింది. ఆ ఏడాదిలో పదహారు నిండేవాళ్లకే సీనియర్ కప్పులో ప్రవేశం. చేహ్యన్ పుట్టినరోజు నవంబరు 1. అంటే సీజన్ ముగిసి టైటిల్ చేతికొచ్చేనాటికి ఆమెకింకా 15 ఏళ్లే. తండ్రి సియోల్‌లో క్లైంబింగ్ జిమ్ నడుపుతారు. సీనియర్లలో ఆమెకి అదే మొదటి సీజన్.

మూడోది స్పీడ్. పై రెండింటికీ దీనికీ చుట్టరికం చాలా దూరం. ఇక్కడ గోడ మారదు. పదిహేను మీటర్ల ఎత్తు, ముందుకి 5 డిగ్రీల వాలు, అవే పట్లు, అవే స్థానాలు. మాస్కోలో సాధన చేసినా జకార్తాలో సాధన చేసినా అంగుళం తేడా ఉండదు. ఇద్దరు పక్కపక్కన నిలబడతారు, బీప్ మోగుతుంది, పైనున్న ప్యాడ్‌ని ముందు కొట్టినవాడు గెలిచినట్టు. బీప్‌కన్నా ముందు కదిలితే ఆట పోయినట్టే. చూడ్డానికి మూడింట్లో తేలికగా అర్థమయ్యేది ఇదే. క్లైంబింగ్ ఛాందసులు ముఖం తిప్పుకునేదీ దీన్ని చూసే.

అయితే ఆ సీజన్లో చరిత్రకెక్కిన క్షణాల్లో ఒకటి స్పీడ్ గోడ మీదే జరిగింది. మధ్య జావాలోని గ్రొబొగాన్ నుంచి వచ్చిన ఇండోనేసియా అమ్మాయి ఆరియస్ సుసాంతి రహాయు అక్టోబరులో షియామెన్ ఫైనల్‌కి చేరింది. పక్క వరసలో ఉన్నది చైనాకి చెందిన సోంగ్ యిలింగ్. 7.101 సెకన్ల ప్రపంచ రికార్డు అప్పటికి ఆమెదే. ఆరియస్ 6.995 సెకన్లలో ప్యాడ్ కొట్టింది. మహిళల్లో ఏడు సెకన్ల గీత దాటిన మొదటి మనిషి ఆమె.

మార్పులేని గోడలో కొత్తదనం ఏముంటుందని అనుకోకండి. జపాన్ ఆటగాడు తొమోవా నరసాకి బౌల్డరింగ్ మనిషి. ఆ ఏడాది పురుషుల బౌల్డరింగ్ ఓవరాల్ టైటిల్ అతనిదే. అతను స్పీడ్ గోడకేసి చూసి, మొదట్లో పక్కకు జరిగి అందుకోవలసిన ఒక పట్టుని వదిలేసి తిన్నగా పైకి వెళ్లవచ్చని కనిపెట్టాడు. ఏళ్ల తరబడి అదే గోడ ఎక్కుతున్న స్పీడ్ నిపుణులకు తట్టనిది బయటివాడికి తట్టింది. ఇవాళ దాన్ని ‘తొమోవా స్కిప్’ అంటున్నారు. స్పీడ్ నిపుణులూ నేర్చుకున్నారు.

బౌల్డరింగ్ మనిషికి స్పీడ్ గోడతో పనేమిటి? టోక్యో ఒలింపిక్స్. 2016 ఆగస్టులో రియోలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ క్లైంబింగ్‌కి చోటిచ్చింది గానీ, పురుషులకొక సెట్టు, మహిళలకొక సెట్టు పతకాలే అంది. దాంతో అంతర్జాతీయ క్లైంబింగ్ సమాఖ్య మూడు విభాగాలనూ ఒకే పోటీగా కలిపేసింది. ఒక్కో విభాగంలో వచ్చిన ర్యాంకుల్ని హెచ్చవేసేవారు, లబ్ధం తక్కువున్నవాళ్లు విజేతలు. రోజూ కొత్త గోడ ఎక్కేవాళ్లనీ, ఒకే గోడని కంఠతా పట్టినవాళ్లనీ ఒకే తక్కెడలో వేయడం అన్యాయమే. ఆటగాళ్లు బాహాటంగానే గొణిగారు, అయినా అందరూ మూడూ నేర్చుకున్నారు.

ఆ పద్ధతికి పెద్ద పరీక్ష 2019 ఆగస్టులో టోక్యో శివార్లలోని హచియోజిలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్. గార్న్‌బ్రెట్ అక్కడ బౌల్డరింగ్, లీడ్, కంబైన్డ్ మూడూ గెలిచింది. నరసాకికి బౌల్డరింగ్, కంబైన్డ్. పురుషుల లీడ్ చెక్ వీరుడు ఆడమ్ ఒండ్రాది. 2017లో నార్వే గుహలో ‘సైలెన్స్’ అనే దారి ఎక్కి, ప్రపంచంలో మొదటి 9సి నమోదు చేసినవాడతను. అంతటివాడు కంబైన్డ్ అర్హత రౌండులో లీడ్ గోడ మీద వెళ్తూ, గోడకి దిగ్గొట్టిన బోల్టు మీద కాలు పెట్టాడు. బోల్టు తాడు కోసమే తప్ప ఎక్కడానికి కాదు. అతను ఎంత పైకి వెళ్లినా అక్కడివరకే లెక్కించారు. ఒండ్రా ఫైనల్ గడప తొక్కలేదు. అదే కంబైన్డ్‌లో కజకిస్తాన్‌కి చెందిన స్పీడ్ నిపుణుడు రిషత్ ఖైబుల్లిన్ కాంస్యం గెలిచి టోక్యో టికెట్ తీసుకున్నాడు. హెచ్చవేతలో ఒక 1 ఉంటే దాని విలువ అది.

మన దగ్గర క్లైంబింగ్ అంటే ఇప్పటికీ గుర్తొచ్చేది రాతికొండే. యాదాద్రి జిల్లా భువనగిరిలో ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లు తొలి పాఠాలు నేర్చింది అక్కడే. ఆధునిక పోటీ క్లైంబింగ్ కూడా పుట్టింది రాతి మీదే, 1985లో ఇటలీలోని బర్దొనెక్యా దగ్గర. నిజమైన కొండ మీద పోటీ పెడితే రాయి దెబ్బతింటుంది, రౌండు రౌండుకీ దారి మార్చడం కుదరదు. అందుకే ఆట కృత్రిమ గోడలకు తరలిపోయింది. అలాంటి గోడ భారత్‌లోనూ వెలిసింది. 2016, 2017ల్లో బౌల్డరింగ్ ప్రపంచకప్ నవీ ముంబయిలో జరిగింది.

కరోనాతో ఏడాది ఆలస్యంగా 2021లో టోక్యో పోటీలు జరిగాయి. స్పీడ్‌లో ఐదో స్థానం, మిగతా రెండింట్లో మొదటి స్థానం: ఐదు ఇంటూ ఒకటి ఇంటూ ఒకటి, మొత్తం 5 పాయింట్లతో గార్న్‌బ్రెట్ స్వర్ణం గెలిచింది. రజతం వచ్చిన మిహో నొనాకాది 45. కాంస్యం దగ్గర లెక్క విచిత్రంగా చిక్కుపడింది. నొగుచి మూడింట్లోనూ నాలుగో స్థానం, 4×4×4, అంటే 64. పోలండ్‌కి చెందిన స్పీడ్ రాణి అలెగ్జాండ్రా మిరొస్వావ్ ప్రపంచ రికార్డుతో స్పీడ్ గెలిచి, మిగతా రెండింట్లో ఎనిమిదిమందిలో ఎనిమిదోది. 1×8×8, మళ్లీ 64. మూడింట రెండు విభాగాల్లో పైచేయి నొగుచిది కాబట్టి కాంస్యం ఆమెకిచ్చారు. అదే ఆమె చివరి పోటీ. షియామెన్‌లో రికార్డు కొట్టిన ఆరియస్ టోక్యోలో లేదు. స్పీడ్ ఒక్కటే వస్తే సరిపోని ఒలింపిక్స్ అది.

2024 పారిస్‌లో స్పీడ్‌ని విడదీశారు. మిరొస్వావ్‌కి స్వర్ణం దక్కింది. బౌల్డరింగ్, లీడ్ కలిపిన పోటీలో గార్న్‌బ్రెట్ మళ్లీ గెలిచింది. పురుషుల స్పీడ్‌లో ఇండోనేసియాకి చెందిన వెద్రిక్ లియొనార్దో ఫైనల్‌ని 4.75 సెకన్లలో ముగించి, బ్యాడ్మింటన్ కాకుండా ఇంకో ఆటలో తన దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. 2028 లాస్ ఏంజెలిస్‌లో మూడు విభాగాలకూ మూడు వేర్వేరు పతకాలు ఇస్తున్నారు.