రెజిను పోత

గాజువలె తళతళలాడు దిమ్మలో ఎండిన పూవొకటి రేకు చెదరక నిలిచియుండుట చూచినవారికి, అది లోపలికెట్లు పోయెనని సందేహము కలుగును. కరగిన గాజులో పూవు వేసినచో బూడిదయగును. ఈ దిమ్మ గది వేడిమిలోనే గట్టిపడిన ఎపాక్సీ రెజిను.

గుగ్గిలము, లక్క ప్రకృతిసిద్ధమైన రెజినులు. (తుమ్మబంక ఈ జాతిది కాదు, అది నీటిలో కరగును.) ఎపాక్సీ కృత్రిమము. స్విట్జర్లండులో కాస్టన్, అమెరికాలో గ్రీన్లీ 1930-50ల నడుమ వేర్వేరుగా దీనికి రూపమిచ్చిరి.

ఇది రెండు సీసాలలో దొరకును: ఒకదానిలో రెజిను, రెండవదానిలో గట్టిపరచు ద్రవము. రెండవ ద్రవములోని అణువులు రెజిను అణువులను పట్టుకొని వలగా అల్లుకొనును. అది కేవలము చర్యను త్వరపెట్టునది కాదు, వలలో భాగమే. కావున ఎక్కువ పోసినచో త్వరగా గట్టిపడునని తలచుట పొరపాటు. జత దొరకని అణువులు మిగిలి దిమ్మ జిగటగా నుండిపోవును. సీసాపై వ్రాసిన పాలు తూకమునకో, కొలతకో ముందే చూచుకొనవలెను. రెండును ఒకటి కావు.

అణువులు కలియునప్పుడు వేడి పుట్టును. పలుచని పొరనుండి అది బయటికి పోవును. లోతైన కప్పులో నిలిచి చర్యను ఇంకను త్వరపెట్టును. పొగలు వచ్చి కప్పు కరగుటయు కలదు. అందుచే లోతైన దిమ్మను పొరలుపొరలుగా పోయుదురు. మన మేనెల ఎండలలో పని చేయుటకు దొరకు వ్యవధి మరింత తగ్గును. తెల్లవారుజామున పోయుట మేలు. వానకాలపు తేమకు పైభాగము జిడ్డు కట్టవచ్చును.

మొదట చిన్న సిలికోను అచ్చు చాలును. రెజిను దానికి అంటుకొనదు. పూవును పుస్తకములో రెండు మూడు వారములు అదిమి ఆరబెట్టవలెను. తడియున్నచో గోధుమరంగుకు మారును. కలుపునప్పుడు అంచులు గీకుచు మెల్లగా త్రిప్పవలెను. తొందరపడినచో బుడగలు చేరును. పోసిన తరువాత దుమ్ము పడకుండ ఒకనాడు మూసియుంచవలెను.

గట్టిపడని రెజిను చర్మమునకు తగులరాదు. పలుమారు తగిలినవారికి దద్దురు పట్టి, ఆపై కొద్దిపాటి స్పర్శకే తిరుగబెట్టును. ఈ గుణము జీవితాంతముండవచ్చును. నైట్రైలు తొడుగులు, గాలి ఆడు గది తప్పనిసరి. చేతికి అంటినచో సబ్బుతో కడుగవలెను, ద్రావకములతో కాదు. అరగదీయునప్పుడు లేచు పొడి పీల్చరాదు.

బడిలో ఉపాధ్యాయుడే కలిపి, ఇరువది గ్రాములు కప్పులోను, ఇరువది గ్రాములు పళ్లెములో పలుచగను పోయవచ్చును. థర్మామీటరును లోపల ముంచినచో మరి రాదు. పాత్ర వెలుపలకు ఆనించి, ఐదు నిమిషముల కొకసారి విద్యార్థులచే వ్రాయించి రెండు గ్రాఫులు గీయించవచ్చును.